సాగనంపే తీరు

సాగనంపడం అంటే బయల్దేరిన మనిషి వెంట కొంత దూరం నడిచి, మంచి మాట చెప్పి పంపడం. కొత్త చదువుకు వెళ్లేవాళ్లని సాగనంపుతారు. కొత్త ఉద్యోగానికి వెళ్లేవాళ్లని సాగనంపుతారు. అత్తారింటికి వెళ్లే పెళ్లికూతుర్ని సాగనంపుతారు. పెరుగన్నం పెడతారు, బొట్టు పెడతారు, చేతిలో ఎంతో కొంత ఉంచుతారు. వాకిట్లో ఇంటిల్లిపాదీ నిలబడతారు. అంతా ప్రేమతో జరిగే పనే. అయితే ఆ ప్రేమ వెళ్లే మనిషికి ఎప్పుడు అందాలన్నది ఒకసారి ఆలోచించాలి.

బస్సెక్కేటప్పుడు ఎవరికైనా ధైర్యంగానే ఉంటుంది. చుట్టూ అయినవాళ్లే ఉంటారు. అసలు కష్టం బస్సు దిగాక మొదలవుతుంది. ఊరు కొత్త, గది కొత్త, మనుషులు కొత్త. ఆ మొదటి వారం గడవడమే గగనం. కాబట్టి సాగనంపేటప్పుడు ఏమిచ్చినా, ఏం చెప్పినా, అది మొదటి వారంలో అక్కరకు రావాలి. ఈ ప్రసంగంలో ముఖ్యమైన మాట ఇదే. మొదటి వారంలో అక్కరకు వచ్చేలా సాగనంపాలి.

కంబం లోయలో ఈ సంగతి బాగా తెలుస్తుంది. కంబం ఇప్పుడు తమిళనాడులోని తేని జిల్లాలో ఉంది. 1996కి ముందు ఇదంతా మదురై జిల్లాయే. పడమటి కనుమలు దాటితే కేరళ. ముల్లై పెరియార్ నీటితో వరి పండుతుంది. పక్కనే ద్రాక్ష, అరటి, కొబ్బరి. కంబం పన్నీరు ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. లోయ పచ్చగానే ఉంది. అయినా పిల్లలకు ఊరు దాటక తప్పదు. పెద్ద చదువులకు మదురై, కోయంబత్తూరు, చెన్నై పోతారు. పనికి తిరుప్పూరు బనియన్ కంపెనీలకు పోతారు. తెల్లవారకముందే జీపుల్లో కొండెక్కి, ఇడుక్కి యాలకుల తోటల్లో పనిచేసి, సాయంత్రానికి ఇల్లు చేరే ఆడవాళ్లూ ఉన్నారు. కంబానికి రైలు లేదు. రైలెక్కాలంటే తేనికో, బోడినాయకనూరుకో పోవాలి. పాత పట్టాలు మార్చడానికి ఆపేసిన రైళ్లు తేనికి 2022లో, బోడికి 2023లో మళ్లీ వచ్చాయి. అందుకని కంబంలో సాగనంపడమంటే చాలామటుకు బస్టాండు దాకా నడవడమే.

ఇక్కడి తెలుగు ఇళ్లలో సాగనంపడానికి ఇంకొంచెం బరువుంది. ఈ కుటుంబాల పెద్దలు విజయనగర కాలంలోనూ, 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయకుల కాలంలోనూ దక్షిణానికి వచ్చినవాళ్లు. కమ్మవారు, రెడ్లు, బలిజలు, రాజకంబళం నాయకర్లు, ఇలా ఎన్నో తెగలు మదురై, కోయంబత్తూరు సీమల్లో ఊళ్లు కట్టుకున్నాయి. వందల ఏళ్లు గడిచాయి. ఇంట్లో తెలుగు నిలిచింది, బడిలో తమిళం వచ్చింది. చాలామందికి తెలుగు రాయడం, చదవడం రాదు. మాట మాత్రం వస్తుంది. అంటే ఈ తెలుగుకు ఉన్న చోటు ఇల్లొక్కటే. ఆ ఇంటి గడప దాటిన పిల్లకు, హాస్టల్లో మొదటి వారమంతా తెలుగు ఒక్క ముక్క కూడా చెవిన పడకపోవచ్చు. ఇంటి తిండి ఒక్కటే కాదు, ఇంటి మాట కూడా దూరమవుతుంది. సాగనంపేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

రాజకంబళం నాయకర్లలో ఒక పాత కథ ఉంది. వీళ్లనే తొట్టియ నాయకర్లని కూడా అంటారు. 1909లో వచ్చిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథంలో కూడా ఈ కథ ఉంది. వీళ్ల పెద్దలు ఒక పాలకుడి బారి నుంచి తప్పించుకుని, పిల్లాపాపలతో దక్షిణానికి బయల్దేరారట. దారిలో నది అడ్డం వచ్చిందట. వెనక తరిమేవాళ్లు, ముందు నీళ్లు. అప్పుడు రెండు ఒడ్ల మీద ఉన్న కానుగ చెట్లు ఒకదానివైపు ఒకటి వంగి, వంతెనలా నిలిచాయట. జనమంతా వాటి మీదుగా దాటారట. ఆ చెట్టంటే వాళ్లకు నేటికీ భక్తి. చరిత్రగా దీన్ని రుజువు చెయ్యలేం. కానీ ఊరు వదిలిన జనం తరతరాలుగా ఏం గుర్తు పెట్టుకున్నారో చూడండి. వాళ్లను సాగనంపడానికి వాకిట్లో ఎవరూ లేరు, పెరుగన్నం లేదు, బొట్టు లేదు. వాళ్లకు గుర్తున్నది నది దాటించిన చెట్టు. అవసరమైన చోట, అవసరమైన గడియలో అందిన సాయం గుర్తుండిపోయింది.

మొదటి వారం ఎందుకంత కష్టమో లోయలో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. మామూలుగా జూన్ నెలలో పెరియార్ ఆనకట్ట నుంచి మొదటి పంటకు నీళ్లు వదులుతారు. 1895లో పూర్తయిన ఆనకట్ట అది. దాని నీటి మీద కంబం లోయలో 14,707 ఎకరాల వరి ఆధారపడి ఉంది. నారుమడిలో పెరిగిన నారు పీకి పొలంలో నాటుతారు. నాటిన మొదటి రోజుల్లో మొక్క వాడిపోయినట్టు కనిపిస్తుంది. ఆకు పసుపు పచ్చబడుతుంది. చచ్చిపోయిందనుకుంటారు తెలియనివాళ్లు. తెలిసిన రైతు కంగారు పడడు. పలచగా నీళ్లు పెట్టి, గట్టు చూసుకుంటాడు. వేరు పట్టాక మొక్క తేరుకుంటుంది. ఊరు మారిన మనిషికీ ఆ వాడే రోజులు ఉంటాయి. సరిగ్గా అదే జూన్, జూలై నెలల్లో పిల్లలు కాలేజీలకు బయల్దేరడం ఈ లోయలో ఏటా జరిగేదే.

ఈ సంగతి పండితులూ గమనించారు. ఆర్నాల్డ్ వాన్ జెనెప్ అనే విద్వాంసుడు 1909లో ఫ్రెంచి భాషలో ఒక పుస్తకం రాశాడు. పుట్టుక, పెళ్లి, ప్రయాణం, చావు లాంటి సందర్భాల్లో లోకమంతటా జరిగే తంతులను అందులో పరిశీలించాడు. మనిషి ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి పోయేటప్పుడు మూడు మెట్లు ఉంటాయన్నాడు. ముందు పాత చోటి నుంచి విడిపోవడం. తర్వాత అటూ ఇటూ కాని నడిమి కాలం. చివర కొత్త చోట చేరిపోవడం. విడిపోయేటప్పుడు చుట్టూ పదిమంది ఉంటారు. చేరాక కొత్తవాళ్లు ఉంటారు. నడిమి కాలంలోనే మనిషి ఒంటరి. సాగనంపు మొదటి మెట్టు మీద జరుగుతుంది, కానీ దాని సాయం నడిమి మెట్టు దాకా చేరాలి.

మన సాహిత్యంలో సాగనంపడం అనగానే గుర్తొచ్చేది శకుంతల. కాళిదాసు నాటకంలో నాలుగో అంకంలో చాలా భాగం ఇదే. వీరేశలింగం, వేదం వెంకటరాయశాస్త్రి వంటివాళ్లు ఈ నాటకాన్ని తెలుగులోకి తెచ్చారు. కణ్వ మహర్షి పెంచిన బిడ్డ అత్తారింటికి బయల్దేరుతుంది. ఆశ్రమంలో చెట్లు పట్టుబట్టలు, నగలు ఇస్తాయి. పెంచుకున్న లేడిపిల్ల కొంగు పట్టుకు లాగుతుంది. కన్నీళ్లు పెట్టుకోని మనిషి లేడు. అయినా కణ్వుడు ఏడుస్తూ కూర్చోలేదు. పెద్దల దగ్గర ఎలా మసలాలో, సవతులతో ఎలా ఉండాలో, పనివాళ్లతో ఎలా మాట్లాడాలో చెప్పాడు. ఇవన్నీ అత్తారింట్లో అడుగు పెట్టిన నాడే కావలసిన మాటలు. ఆశ్రమంలో పెద్దావిడ గౌతమిని, ఇద్దరు శిష్యులను తోడిచ్చాడు. ఆయనా నీటి ఒడ్డు దాకా నడిచాడు. ఆత్మీయుల్ని నీళ్లు కనిపించేదాకా సాగనంపాలన్నది పాత నియమం. అంటే సాగనంపడానికి ఒక హద్దు కూడా పెద్దలు పెట్టారు. ఆ హద్దు దగ్గర ఆగాలి, వదలాలి.

ఇంత అందమైన సాగనంపులో కూడా ఒక లోటు జరిగింది. శ్రోతలు దీన్ని గమనించాలి. భర్త అయిన రాజు ఆమెను మరిచిపోతాడన్న దుర్వాసుడి శాపం సంగతి చెలికత్తెలు ఇద్దరికీ తెలుసు. అనసూయకు తెలుసు, ప్రియంవదకు తెలుసు. ఆనవాలు చూపిస్తేనే రాజు గుర్తుపడతాడనీ తెలుసు. శకుంతల మనసు సున్నితమైనదని శాపం మాట దాచారు. బయల్దేరేటప్పుడు మాత్రం, రాజు గుర్తుపట్టకపోతే ఆయన ఇచ్చిన ఉంగరం చూపించమన్నారు. ఎందుకో చెప్పలేదు. ఆమె అదిరిపడితే, ప్రేమ ఎక్కువైతే కీడే తోస్తుందిలే అని మాట మార్చారు. దారిలో తీర్థంలో ఉంగరం జారిపోయింది. అది ఎంత ముఖ్యమో తెలిసి ఉంటే ఆమె గుప్పిట్లో పెట్టుకునేది. ప్రేమతో దాచిన నిజం మొదటి రోజే ఆమెను నడిసభలో నిలబెట్టింది.

రెండో లోటు సభలో జరిగింది. రాజు కాదన్నాక, వెంట వచ్చిన శిష్యులు ఆమెను వెనక్కి తీసుకుపోలేదు. భర్త ఇంట్లో దాసీగా ఉన్నా సరే ఇక్కడే ఉండమన్నారు. పుట్టిల్లు లేదన్నారు. సాగనంపినవాళ్లే తలుపు మూశారు. అడుగు పెట్టిన చోట కుదరకపోతే మళ్లీ రావడానికి ఇల్లుందన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకం ఉన్నవాళ్లే కొత్త చోట నిలదొక్కుకుంటారు. తిరిగొస్తే నవ్వుతారన్న భయం ఉన్నవాళ్లు కష్టం వచ్చినా చెప్పరు. ఆడపిల్ల విషయంలో ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి కూడా.

ఇప్పుడు కంబంలో ఒక ఇల్లు తీసుకుందాం. ఆ ఇంటి అమ్మాయికి కోయంబత్తూరు కాలేజీలో సీటొచ్చింది. అవ్వ ముందుగా గోడ మీది క్యాలెండరు చూస్తుంది. కోయంబత్తూరు కంబానికి ఉత్తరాన ఉంది. మంగళవారం, బుధవారం ఉత్తరానికి శూల, ఆ దిక్కుకు బయల్దేరకూడదంటారు. తప్పనిసరైతే పాలు తాగి బయల్దేరాలి. తూర్పున మదురైకి సోమవారం, శనివారం పోవాల్సొస్తే పెరుగు. ఈ లెక్కను నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లు నవ్వుతారు. దాంట్లో ఉన్న మంచి మాత్రం ఒకటుంది. ఖాళీ కడుపుతో ఎవర్నీ గడప దాటనివ్వరు. బయల్దేరే గడియ నలుగురికీ ముందే తెలుస్తుంది. అందరూ ఆ వేళకు చేరతారు.

తర్వాత మూట. అరిసెలు, మురుకులు, పచ్చళ్లు సీసాలకు సీసాలు సర్దుతారు. సర్దాల్సిందే. కానీ సగం పిండివంటలు ఆమె ఒక్కతే తినడానికి కాదని చెప్పి ఇవ్వాలి. గదిలో ఉండే పిల్లలకు మొదటి రోజే పంచమని చెప్పాలి. మురుకుల డబ్బా మూత తీస్తే పలకరింపు దానంతటదే మొదలవుతుంది. చీరలకన్నా ముందు ఒక తాళం కప్ప, ఒక బకెట్టు, నాలుగు సూదులు, దారం, జ్వరం మాత్రలు ఉండాలి. మొదటి రాత్రికి కావలసిన దుప్పటి అన్నిటికన్నా పైన ఉండాలి. డబ్బు కూడా ఒక్క పెద్ద నోటుగా కాకుండా చిల్లర నోట్లుగా ఇస్తే ఆటోకు, టీకి పనికొస్తుంది. మేనమామ కానుక ఇవ్వాలనుకుంటే ఏం కావాలో ఆ పిల్లనే అడగొచ్చు. అడగడం చిన్నతనం కాదు.

ఆపైన మాట. వాకిట్లో పదిమంది పది బుద్ధులు చెబుతారు. బాగా చదువుకో, ఫోను ఎక్కువ చూడకు, రాత్రిపూట బయటికి పోకు. పిల్ల అన్నిటికీ తలూపుతుంది, ఒక్కటీ గుర్తుండదు. ఒక్క మనిషి, ఒక్క సంగతి, ముందురోజు రాత్రి తీరిగ్గా కూర్చుని చెబితే అది నిలుస్తుంది. ఆ సంగతి నిజమైనది కావాలి. "మొదటి వారం ఏడుపొస్తుందమ్మా. అందరికీ వస్తుంది. అక్కడ ఉండలేవని కాదు. పది రోజులు చూడు" అని అత్త చెప్పిందనుకోండి. ఏడుపొచ్చిన రాత్రి ఆ మాట పక్కనే కూర్చుంటుంది. అంతా బాగుంటుందని చెప్పి పంపితే, బాగాలేని రోజున తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. చెలికత్తెలు శకుంతలకు దాచినట్టు దాచకూడదు.

ఇంటి మాట సంగతి కూడా చూడాలి. కోయంబత్తూరు సీమలో తెలుగు ఇళ్లకు కొదవ లేదు. దూరపు చుట్టమో, ఊరివాళ్లో, ఒక్క ఇల్లు ముందే చూసి పెట్టాలి. వట్టి ఫోను నంబరు రాసిస్తే చాలదు. మొహమాటంతో పిల్ల ఫోను చెయ్యదు. అమ్మే ముందు ఆ ఇంటావిడతో మాట్లాడాలి. "మా అమ్మాయి వస్తోంది వదినా, మొదటి ఆదివారం అన్నానికి పిలవండి" అనాలి. ఒక్క పూట భోజనం, రెండు గంటలు తెలుగు. ఇంతకన్నా విలువైన కానుక మూటలో పట్టదు.

చివరగా తిరిగొచ్చే రోజు చెప్పి పంపాలి. పోయిరామ్మా అని అంటారు సరే, ఎప్పుడు రావాలో కూడా అనుకోవాలి. ఆయుధ పూజ సెలవులకా, దీపావళికా, సంక్రాంతికా? చిత్తిరై నెలలో వీరపాండి గౌమారియమ్మ తిరునాళ్లకు లోయ లోయంతా చేరుతుంది, అప్పటికా? తేదీ తెలిస్తే రోజులు లెక్కపెట్టుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. కుదరకపోతే మధ్యలోనైనా రావచ్చని కూడా చెప్పాలి. గౌతమి వెంట వచ్చిన శిష్యుల్లా తలుపు మూయకూడదు.

పనిచేసే చోట సాగనంపడం ఇంకో రకం. ద్రాక్ష మండీలో ఏళ్ల తరబడి లెక్కలు రాసిన కుర్రాడు సొంత కొట్టు పెట్టుకుంటాడు. యజమానికి కష్టంగానే ఉంటుంది. నమ్మకమైన మనిషి పోతున్నాడు, పైగా రేపు పోటీకి వస్తాడు. శాలువా కప్పి, ఫోటో తీయించి పంపేయొచ్చు. కొత్త కొట్టుకు మొదటి వారంలో కావలసినవి వేరే ఉన్నాయి. సరుకు అప్పుగా ఇచ్చేవాళ్లు కావాలి. లారీ వాళ్లతో పరిచయం కావాలి. అన్నిటికన్నా ముందు బోణీ కావాలి. పాత యజమానే పొద్దున్నే వచ్చి బోణీ చేస్తే, బజారు మొత్తానికి కబురు అందుతుంది. ఇతను గొడవ పడి పోయినవాడు కాడు, నమ్మదగినవాడు అని. అప్పుకు హామీగా ఒక సంతకం, ఒక బోణీ, రెండు పరిచయాలు. వాటి ముందు శాలువా ఏపాటిది?

దీనికి కోయంబత్తూరు తెలుగువాళ్లలోనే పెద్ద ఉదాహరణ ఉంది. జి.డి.నాయుడు 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో పుట్టాడు. బడి చదువు అబ్బలేదు. యంత్రాలంటే పిచ్చి. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చికీ పళనికీ మధ్య రవాణా మొదలుపెట్టాడు. అప్పుడు రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ పారిశ్రామికవేత్త డబ్బు అప్పుగా ఇచ్చి ఆదుకున్నాడు. ఆ ఒక్క బస్సు యు.ఎం.ఎస్. పేరుతో పెద్ద బస్సుల సంస్థ అయింది. తర్వాత మోటార్లు, యంత్రాలు, సాంకేతిక విద్య, ఇలా ఎన్నో దారుల్లో ఆయన నడిచాడు. మొదట్లో అందిన చెయ్యి లేకపోయినా ఆ మనిషి ఎదిగేవాడేమో. కానీ మొదటి బస్సు కొనేనాడు దీవెన ఒక్కటే ఇస్తే చక్రం కదలదు.

పెళ్లికూతురి విషయంలో మన పెద్దలు ఈ ఏర్పాటు ముందే చేశారు. అప్పగింతల్లో పాలలో ముంచిన చేతులు అత్తామామల చేతుల్లో పెట్టి ఊరుకోరు. తోడుపెళ్లికూతురు వెంట వెళ్తుంది. కొత్త ఇంట్లో మొదటి రోజుల్లో పక్కన పడుకోవడానికి, ఆకలేస్తే అడగడానికి, కావలసింది తెచ్చివ్వడానికి ఒక సొంత మనిషి. ఇప్పుడు చాలా ఇళ్లలో ఈ ఆనవాయితీ పోయింది. సారె పళ్లేలు పెరిగాయి, తోడు వెళ్లేవాళ్లు తగ్గారు. ఇది మళ్లీ మొదలుపెట్టదగిన ఆనవాయితీ.

ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడికి కూడా ఆ వీడ్కోలు సభ తర్వాత వచ్చే మొదటి సోమవారం కష్టమైనదే. తొమ్మిదింటికి బడి గంట మోగుతుంది, తను ఇంట్లో ఉంటాడు. దండలు, ప్రసంగాలు అయ్యాక ఒక్క మాట అడగాలి. "సోమవారం సాయంత్రం పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతారా మాస్టారూ?" అని. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఆయన ఇష్టం. అడిగినందుకే ఆయన ఆ సోమవారం వేరేగా నిద్ర లేస్తారు.

ఒక్కోసారి సాగనంపడం కుదరదు. గొడవ పడి బయల్దేరినవాళ్లు ఉంటారు. ఉద్యోగం కబురు రాత్రికి రాత్రే వచ్చి చెప్పకుండా పోయినవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లని కూడా సాగనంపవచ్చు. సాగనంపు అసలు పని మొదటి వారంలోనే కాబట్టి, వాకిట్లో నిలబడలేకపోయినవాళ్లకు ఇంకా వారం గడువుంది. మూడో రోజునో, నాలుగో రోజునో ఫోను చెయ్యాలి. ఎందుకు చెప్పకుండా పోయావని అడగకూడదు. అన్నం ఎలా ఉంది, పడుకోవడానికి చోటు ఎలా ఉంది, డబ్బుకు ఇబ్బందా అని అడగాలి. వెళ్లిన కుర్రాడు తిరుప్పూరులో ఉన్నాడనుకోండి. ఆ బస్సులో ఊరివాళ్లు ఎవరైనా పోతుంటే వాళ్ల చేత దుప్పటి, ఒక పచ్చడి సీసా పంపాలి. పంపే ముందు ఏ బస్టాండులో, ఎన్ని గంటలకు వచ్చి అందుకోవాలో ఆ కుర్రాడికి ఫోనులో చెప్పి పెట్టాలి.